నొప్పి పదికి ఎంతండీ?

చనిపోయిన మనిషికి తర్వాతి అపాయింట్‌మెంటు తేదీ వేస్తే తప్ప మా కంప్యూటరు ఫైలు మూసేది కాదు.

నేను ఉద్యోగం చివరి ఏళ్ళు హెడ్ నర్సుగా పనిచేసింది కొత్తపేట దగ్గర, కాలవ గట్టు మీదున్న ఒక చిన్న హాస్పిస్‌లో. ఇక నయం కాదని పెద్దాసుపత్రులు పంపించేసినవాళ్ళు, ఎక్కువగా క్యాన్సరు రోగులు, మిగిలిన రోజులు నొప్పి లేకుండా గడపడానికి అక్కడికి వచ్చేవారు. తిరిగి నడిచి ఇంటికి వెళ్ళేవాళ్ళు అరుదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, మా సాఫ్ట్‌వేరుకి తెలియదు. అది ఏదో కాన్పుల ఆసుపత్రి కోసం తయారుచేసిందట. మా ట్రస్టు వాళ్ళకి చవగ్గా దొరికింది. రోగి పోయారని నమోదు చేయగానే "తర్వాత ఎప్పుడు రావాలి?" అని అడిగేది. ఖాళీగా వదిలేస్తే ఎర్రగా వెలిగేది. చేసేది లేక మేమంతా ఏదో ఒక తేదీ వేసేవాళ్ళం.

ఆ తేదీకి ముందురోజు ఇంటివాళ్ళ ఫోనుకి మెసేజ్ వెళ్ళేదని మాకెవరికీ తెలియదు. ఒకరోజు ఉదయం రాయవరం నుంచి ఒకాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి బెంచీ మీద బుద్ధిగా కూర్చున్నారు. వాళ్ళ నాన్నగారు మా దగ్గరే పోయారు. ఏం పని మీద వచ్చారండీ అని అడిగాను.

"రమ్మని మెసేజ్ వచ్చిందండి. నాన్నగారు లేరు గదండీ. ఆయన బదులు నేనొచ్చేను. పిలిచినప్పుడు రాకపోతే బాగోదు గదండీ" అన్నారు.

బీపీ చూసి, టీ ఇప్పించి పంపించాను. కొంచెం ఎక్కువే ఉంది, మందు వాడమని చెప్పాను. ఆయన చాలా సంతోషించారు.

నర్సింగు పూర్తిచేసి ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీకు రాత పని మీద విసుగు ఉంటుందని నాకు తెలుసు. నాకూ ఉండేది. కానీ కొన్ని కాగితాలు రోగిని కాపాడతాయి, మిగిలినవి కుర్చీని కాపాడతాయి. ఏది ఏదో తెలుసుకోవడానికే నాకు సగం ఉద్యోగం పట్టింది.

కోడి కేసు

మా పనికి ప్రాణం మార్ఫిన్ మాత్ర. నల్లమందు నుంచి వచ్చే మందు కాబట్టి దానికి రెండు తాళాల బీరువా, ఇద్దరి దగ్గర తాళంచెవులు, ప్రతి మాత్రకీ లెక్క. ఇచ్చింది ఎంత, మిగిలింది ఎంత, పాడైంది ఎంత. మాత్ర పోతే ఎలా పోయిందో రాసి ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి.

మలికిపురం దగ్గర ఒక ముసలమ్మగారిని ఇంటి దగ్గరే చూసేవాళ్ళం. వాళ్ళ కోడలు మాత్ర చేతిలోకి తీసుకుంటుండగా జారి వాకిట్లో పడింది. మేం వంగేలోపు పెంపుడు కోడి వచ్చి మింగేసింది. ఆ కోడలు చేతులు జోడించి, "సిస్టరుగారూ, ఇది గుడ్లు పెట్టే పెట్టండి, కొయ్యమనకండి" అని బతిమాలింది. కొయ్యమని నేనెందుకంటాను? రిజిస్టరులో "మాత్ర ఒకటి కోడి మింగినది" అని రాసి, కోడలి చేత, పక్కింటాయన చేత సంతకం పెట్టించాను.

తనిఖీకి వచ్చిన అధికారి ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగారు. కోడి ఎవరిదన్నారు. రోగి ఇంటివాళ్ళదేనన్నాను. తర్వాత దాని పరిస్థితి ఏమిటన్నారు. మంచం కింద దూరి సాయంత్రం దాకా నిద్రపోయిందనీ, లేచి మామూలుగా తిరిగిందనీ చెప్పాను. అది కూడా రాయమన్నారు. "కోలుకున్నది" అని రాసి తేదీ వేశాను. మా హాస్పిస్ రికార్డుల్లో ఆ మాట నిజంగా వర్తించింది ఆ కోడి ఒక్కదానికే.

ఆయన మీద మాత్రం నేను నవ్వలేదు. ఆ రిజిస్టరులో ఒక్క అబద్ధం దొరికితే మార్ఫిన్ పర్మిషను పోతుంది. అది పోతే వార్డంతా నొప్పితో అల్లాడుతుంది. కోడి పేరు ఎక్కించాల్సి వచ్చినా సరే, ఉన్నది ఉన్నట్టే రాయాలి. ముందు చెప్పబోయేదానికి ఇది గుర్తుంచుకోండి.

సుబ్బరాజుగారి గ్రాఫు

నేను రిటైరవడానికి కొంచెం ముందు ట్రస్టువాళ్ళు సుబ్బరాజుగారని ఒక కొత్త మేనేజరుని వేశారు. ఆయన అంతకు ముందంతా రొయ్యల ఎగుమతి కంపెనీల్లో నాణ్యత చూసినవారు. చెరువులో ఏ రొయ్యకి ఏ మేత వేశారో కాగితం మీద చూపించగల మనిషి. మొదటిరోజే మా లెక్కలు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సిస్టరుగారూ, మోర్టాలిటీ ఇంత ఉందేంటండీ? చెరువులో ఇందులో సగం ఉన్నా పట్టుబడి చేసి ఉన్న రొయ్యంతా అమ్మేస్తారండి."

ఇక్కడికి వచ్చేది అందుకేనండీ అని ఓపిగ్గా చెప్పాను. ఆయనకి నిద్ర పట్టినట్టు లేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, అయితే మరి మనం తగ్గించగలిగేది ఏముందని అడిగారు. నొప్పి అన్నాను. ఆయ్ అన్నారు, అలాగేనండి అన్నట్టు.

సుబ్బరాజుగారిని చెడ్డ ఆఫీసరని ఎవరైనా అంటే నేను ఊరుకోను. చెప్పింది వినే మనిషి. చిక్కంతా ఆయన విన్నదాన్ని పట్టుకున్న పట్టులో ఉంది. ఆ రోజు నుంచి పూటపూటకీ ప్రతి మంచం దగ్గరకీ వెళ్ళి నొప్పి పదికి ఎంతో అడగాలి. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనంత. రోగి తన నోటితో చెప్పిన అంకే రాయాలి, ఇంటివాళ్ళు చెప్పింది చెల్లదు, నర్సుకీ డాక్టరుకీ అనిపించింది అసలు చెల్లదు. మందు పెంచాలంటే వరసగా రెండు పూటలు స్కోరు అయిదు దాటాలి. వారం పాటు రెండు లోపలే ఉంటే ఆ పేరు "మెరుగుపడినవారు" అన్న జాబితాలోకి వెళ్తుంది, మంచం ఖాళీ చేయాలి. బయట మంచం కోసం ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఆ నియమంలో న్యాయం లేదని కూడా అనలేం.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్న పద్ధతులే. కానీ ఆ పుస్తకాలు రాసినవాళ్ళు మా కోనసీమ మనిషిని మంచంలో పడుకోబెట్టి చూడలేదు. మావాళ్ళకి ఎదుటివాళ్ళ ముందు బాధ చెప్పుకోవడం అంటే, భోజనానికి వెళ్ళిన ఇంట్లో కూర బాగాలేదని చెప్పడం లాంటిది. నొప్పి ఎంతండీ అంటే "పర్లేదండి" అంటారు. పర్లేదంటే కుదరదు, అంకె చెప్పండంటే "ఏదో మీరే చూసి వేసుకోండి" అంటారు. ఇంకా గట్టిగా అడిగితే "మీకు ఎంతైతే వీలుగా ఉంటుందండీ?" అని ఎదురడుగుతారు. ఆఖరికి ఒకటో, ఒకటిన్నరో తేలుతుంది.

ఇంకేముంది, నెల తిరిగేసరికి గ్రాఫు నేలకి దిగింది. సుబ్బరాజుగారు దాన్ని రంగుల్లో అచ్చు వేయించి ముందు గదిలో ఫ్రేము కట్టించారు. విరాళాలిచ్చే పెద్దలు వచ్చి చూసి మెచ్చుకునేవారు. ఇంత తక్కువ నొప్పి ఎక్కడా చూడలేదన్నారట.

నరసింహమూర్తిగారి మర్యాద

నరసింహమూర్తిగారిది రాజోలు అవతల ఒక ఊరు. కొబ్బరితోట, కొంచెం వరి. వెన్నెముకలోకి పాకిన క్యాన్సరు. భార్య సీతామహాలక్ష్మిగారు పక్కనే ఉండి చూసుకునేవారు. ఆయన మా వార్డుని తన ఇంటి వీధి అరుగే అనుకున్నారు. సూది వేయడానికి వెళ్తే ముందు కుర్చీ చూపించి, కాఫీ తాగేరా అని అడిగేవారు. ఫ్లాస్కులో ఉన్నది మాకు పోయించేదాకా చెయ్యి ఇచ్చేవారు కాదు.

నొప్పి ఎంతండీ అంటే, "ఒకటి వేసుకోండమ్మా" అనేవారు. ఆ మాట అంటున్నంతసేపూ ఎడమ చేత్తో మంచం కమ్మీ పట్టుకునే ఉండేవారు. వేళ్ళు తెల్లబడేవి.

డాక్టరమ్మగారు చూశారు, నేను చూశాను, జూనియర్ నర్సు దీప్తి చూసింది. అందరికీ కనిపిస్తూనే ఉంది. కాగితం మీద మాత్రం ఒకటి, ఒకటి, ఒకటి. వారం తిరగ్గానే ఆయన పేరు మెరుగుపడినవారిలో వచ్చేసింది. సోమవారం ఇంటికి పంపించాలి.

ఆ కబురు తెలిసి సీతామహాలక్ష్మిగారు నన్ను వరండాలోకి పిలిచారు. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడింది లేదు. ఆ రోజూ పెంచలేదు.

"ఇంటికెళ్తే నేను చూడలేనండి. పక్కకి తిప్పడం కూడా నా వల్ల కాదు. తువ్వాలు నోట్లో కుక్కుకుంటన్నారండి, పక్క మంచం వాళ్ళకి ఇబ్బందవుద్దని. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదో, గ్రాఫు మీదో చెప్పలేను. తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళి ఎందుకండీ దాస్తున్నారని అడిగేశాను. ఆయన నొచ్చుకున్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మేం అడుగుతున్న అంకె మా పనికి వేసే మార్కు అనుకుంటున్నారాయన. "ఇంత బాగా చూసుకుంటన్నారు, ఎనిమిదని ఎలా చెప్తామండీ? మీ మీద కంప్లయింటు ఇచ్చినట్టు గదా, మర్యాద కాదు" అన్నారు. అదేం కాదని ఎంతసేపు చెప్పినా తల ఊపారే గానీ నమ్మలేదు. చివరికి నా ముఖం చూసి జాలిపడి, "సరేనమ్మా, మీ కోసం రెండు వేసుకోండి" అన్నారు.

దీప్తి నన్ను పక్కకి లాగి, మనమే ఏడని రాసేద్దాం మేడమ్, ఎవరికి తెలుస్తుంది అంది. పాపం, ఆ పిల్ల కళ్ళలో నీళ్ళున్నాయి. కుదరదన్నాను. ఈ రోజు జాలితో రాసిన అబద్ధం రేపు తనిఖీలో దొరికితే వార్డులో ఉన్న అందరి మందూ ఆగిపోతుంది. ఉన్నది ఉన్నట్టే రాయాలి, కాకపోతే ఉన్నది ఆయన నోటి వెంట రావాలి.

సుబ్బరాజుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విని, తానే వచ్చి అడుగుతానన్నారు. వచ్చారు. మేనేజరుగారు రావడం చూసి నరసింహమూర్తిగారు లేచి కూర్చోబోయారు. కుర్చీ వేయించారు. చెరువులు ఎలా ఉన్నాయండీ, ఈసారి కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయి, కౌంటు బాగుందా అని కుశలం అడిగారు. సుబ్బరాజుగారు ఎంతో మర్యాదగా నొప్పి సంగతి ఎత్తారు.

"పెద్దలు మీరొచ్చేరు, ఇప్పుడేం లేదండి. సున్నా వేసుకోండి" అన్నారు నరసింహమూర్తిగారు.

సుబ్బరాజుగారు నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

బేరం

శనివారం పొద్దున సూరిబాబుగారు పలకరించడానికి వచ్చారు. అంబాజీపేట వైపు కొబ్బరి వ్యాపారం ఆయనది. నరసింహమూర్తిగారి తోటలో ప్రతి దింపుకీ కాయ కొనేది ఆయనే. ఇద్దరికీ ఏళ్ళ తరబడి స్నేహం, అంతకన్నా ఎక్కువ బేరం. గట్టి గొంతు, అరటిగెలంత మెడ. వార్డులోకి వస్తూనే ఏంటి మూర్తిగారూ ఇక్కడ మకాం పెట్టేరు అన్నారు.

అదే సమయానికి దీప్తి షీటు పట్టుకుని వచ్చి, నొప్పి పదికి ఎంతండీ అని అడిగింది. ఇదేంటో సూరిబాబుగారికి తెలియదు. ఆ పిల్ల వివరించింది. ఆయన స్నేహితుణ్ణి నవ్విద్దామనుకున్నారు కాబోలు, మంచాన్ని ఎగాదిగా చూసి, కాయల రాశి చూసినట్టు పెదవి విరిచారు.

"మీకేం నొప్పండీ. రెండు రాసుకో అమ్మా, రెండుకి మించి పలకదు."

నరసింహమూర్తిగారి ముఖం మారింది. ఒక వ్యాపారి తన సరుకుని తక్కువ చేసి మాట్లాడుతుంటే ఊరుకునే రైతు ఎక్కడుంటాడు?

"రెండేంటండీ? ఏం చూసి రెండన్నారు?"

"పోనీ మూడు. మన స్నేహానికి."

"మీరెప్పుడూ ఇంతేనండి. కాయ ముట్టుకోకుండా రేటు కడతారు. ఇది మూడుకి పోయే సరుకు కాదు."

సూరిబాబుగారికి ఊపొచ్చింది. నాలుగన్నారు. పక్క మంచం ఆయన కూడా నాలుగుంటుందండి అని తగవులోకి వచ్చారు. నరసింహమూర్తిగారు చెమటలు కక్కుతూ కమ్మీ వదిలి చెయ్యి పైకెత్తారు. అయిదున్నరకి ఖాయం చేసుకుందామని సూరిబాబుగారు చెయ్యి చాపారు.

"ఎనిమిది. ఎనిమిదికి కిందకి దిగనండి. నడుం కాడ్నించి కాళ్ళ దాకా కాలిపోతంది నాకు. మీరు కొంటే కొనండి, లేపోతే లేదు."

సీతామహాలక్ష్మిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సూరిబాబుగారి చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆయన బేరం ఆడుతున్నది దేనికో అప్పుడే తెలిసినట్టుంది. ఆ చెయ్యి మెల్లగా దించి స్నేహితుడి పాదం మీద వేశారు.

"ఎనిమిదేనండి. అంత ఉందని నాకు తెలీదు మూర్తిగారూ" అన్నారు.

రాయమంటారా అండీ అని నేను అడిగాను. రాయమన్నారు. రాసేలోపే నా వైపు తిరిగి, "మీ గురించి కాదు సిస్టరుగారూ, మీరు బాగా చూస్తన్నారు" అన్నారు.

నియమం ప్రకారం రెండో పూట స్కోరు కూడా కావాలి కదా. సూరిబాబుగారిని సాయంత్రం దాకా ఉండమని బతిమాలాను. ఆయన పని మానుకుని ఉన్నారు, మా క్యాంటీను భోజనం తిన్నారు, దాని గురించి మాత్రం మొహమాటపడకుండా చెప్పారు. సాయంత్రం మళ్ళీ బేరం నాలుగు అంకె దగ్గర మొదలుపెట్టి ఏడున్నర స్కోరుకి తెగ్గొట్టారు. సుబ్బరాజుగారు ఈసారి గుమ్మంలో నిలబడి మొత్తం విన్నారు. నేను భయపడుతూనే షీటు ఇచ్చాను.

"రొయ్యల్లోనూ ఇంతేనండి. బేరం పెడితే గానీ అసలు కౌంటు తేలదు" అని సంతకం పెట్టేశారు. ఆ పూటే డోసు పెరిగింది. సోమవారం డిశ్చార్జి రద్దయింది. ఆ రాత్రి తువ్వాలు అవసరం పడలేదని మర్నాడు సీతామహాలక్ష్మిగారు చెప్పారు.

సుబ్బరాజుగారు ఒకటి పట్టుకుంటే వదలరని చెప్పాను కదా. వారంలో సూరిబాబుగారి మెడలో ఫోటోతో ఒక కార్డు వేలాడింది. "నొప్పి నిర్ధారణ సహాయకులు" అని దాని మీద అచ్చు. వీలున్నప్పుడల్లా వచ్చి మంచం మంచానికీ వెళ్ళి తక్కువ రేటు కట్టేవారు. నోరు విప్పని పెద్దలంతా ఆయన మీద ఎగిరిపడేవారు. ఎంత ఎగిరితే మాకు అంత నిజం దొరికేది. గ్రాఫు ఒక్కసారిగా లేచింది. దాతలు కంగారుపడి ఫోను చేశారు, ఏమిటి మీ దగ్గర నొప్పి ఇంత పెరిగిపోయిందని. సుబ్బరాజుగారు ఫోనులో ఎంతసేపు నచ్చజెప్పారో తెలియదు గానీ, ఆ తర్వాత ఫ్రేము విప్పించి దాచేశారు.

అడగడం

మందు సరిపోయాక నరసింహమూర్తిగారికి కొన్ని మంచి వారాలు దొరికాయి. దిండ్లు ఆనించి కూర్చునేవారు, పేపరు చదివేవారు. నేను వెళ్తే నొప్పి గురించి తానే చెప్పేవారు. నాలుగుందండి, మూడుందండి అని. చెప్పేసి కాఫీ తాగేరా అని అడిగేవారు. జబ్బు ఆగలేదు. ఆగదని అందరికీ తెలుసు.

ఒకరోజు పొద్దున నేను వార్డులోకి వస్తుంటే ఆయనే నన్ను చేత్తో పిలిచారు. దగ్గరికి వెళ్ళాను. కుర్చీ చూపించలేదు. కాఫీ మాట ఎత్తలేదు.

"తొమ్మిదండి. మందివ్వండి" అన్నారు.

డాక్టరమ్మగారు ముందే రాసిపెట్టిన అదనపు డోసు ఉంది. వెంటనే ఇచ్చాను. కాసేపటికి కమ్మీ మీద చెయ్యి వదులైంది. మధ్యాహ్నం సూరిబాబుగారు వచ్చి కార్డు జేబులో పెట్టేసుకుని, బేరం ఏమీ ఆడకుండా పాదాల దగ్గర కూర్చుని వెళ్ళారు. మర్నాడు మధ్యాహ్నం, భార్య చెయ్యి పట్టుకుని ఉండగా, నిద్రలోనే ఆయన పోయారు.

అంబులెన్సు వచ్చేలోపు కాగితాలు పూర్తి చేయాలి. అదీ మన పనే, తప్పదు. సీతామహాలక్ష్మిగారు నేను చూపించిన చోటల్లా సంతకాలు పెట్టారు. పెన్ను మూత పెట్టి నాకు అందిస్తూ చెయ్యి వదల్లేదు.

"పెళ్ళయిన కాడ్నించీ చూస్తన్నానండి. కూరలో ఉప్పు లేపోయినా అడిగే మనిషి కాదు. నన్ను కూడా ఏదీ అడగలేదు. నిన్న మిమ్మల్ని నోరు తెరిచి అడిగేరు. అడగ్గానే ఇచ్చేరు. ఇంక నాకు బెంగ లేదండి."

నేను ఆయ్ అన్నాను.